చక్రం వెనక్కి తిప్పి చూస్తే

పాత కారు అలాయ్ చక్రాన్ని గుర్తుపట్టాలంటే ముందు దాన్ని బోర్లా వెయ్యాలి. ముందు వైపు ఎవరైనా పాలిష్ పట్టొచ్చు, రంగు మార్చొచ్చు, మధ్యలో నచ్చిన కంపెనీ లోగో ఉన్న క్యాప్ నొక్కేయొచ్చు. వెనక వైపుని ఎవరూ పట్టించుకోరు. అందుకే అసలు సంగతి అక్కడ మిగిలిపోతుంది. పోత పోసినప్పుడు పడిన అంకెలు, రిమ్ సైజు, తయారీదారు గుర్తు, ఒక్కోసారి నెలా సంవత్సరం చెప్పే చిన్న గడియారం లాంటి వృత్తం, అన్నీ అక్కడే ఉంటాయి.

ఇవన్నీ నాకు పోయిన సెమిస్టర్‌లో తెలిశాయి. మా బాబాయి సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకి ఒక చక్రం సెంటర్ క్యాప్ లేదు. మిగతా మూడూ ఉన్నాయి. అది దొరకాలంటే కారు పేరు చెప్తే సరిపోదు, ఎందుకంటే ఆ చక్రాలు కారుతో వచ్చినవి కావు, ముందు యజమాని ఎవరో మార్చినవి. మెకానికల్ వాళ్ల వెర్నియర్ తీసుకుని మూడు కొలతలు తీశాను: క్యాప్ బయటి వ్యాసం, వెనక క్లిప్పుల మధ్య వ్యాసం, లోతు. బయటికి ఒకేలా కనిపించే రెండు క్యాప్‌లకి క్లిప్పుల దగ్గర నాలుగు మిల్లీమీటర్లు తేడా ఉంటే ఒకటి లోపలికి పోదు, లేకపోతే మొదటి గోతిలోనే ఊడిపోతుంది. తర్వాత బోల్ట్ కన్నాల వృత్తం. నాలుగు కన్నాలైతే ఎదురెదురు కన్నాల మధ్య దూరమే దాని వ్యాసం. అయిదు కన్నాలైతే ఎదురుగా కన్నం ఉండదు కాబట్టి పక్కపక్క కన్నాల మధ్య దూరాన్ని 1.701తో గుణించాలి. ఇంటర్‌లో బట్టీ పట్టిన సైన్ 36 డిగ్రీలు చివరికి ఇక్కడ పనికొచ్చింది.

క్యాప్ సంగతి అలా ఉంచితే, వెతుకుతూ వెతుకుతూ వెనక్కి వెళ్లాను. అసలు కారుకి అల్యూమినియం చక్రం పెట్టి, దాన్ని రేసులోనూ అమ్మకంలోనూ నిలబెట్టింది ఎవరు అని. ఆ దారి 1924కి, ఫ్రాన్స్‌లో మోల్సైమ్ అనే చిన్న ఊరికి, ఎట్టోరె బుగాట్టి అనే మనిషికి తీసుకెళ్లింది. బుగాట్టి అంటే మన బ్యాచ్‌లో అందరికీ తెలుసు, వీడియో గేముల్లో నడిపాం, వాల్‌పేపర్లు పెట్టుకున్నాం. మనిషి ఎవరో మాత్రం నాకు తెలీదు. తెలుసుకున్నాక ఆయన కథ ఆయన చేసిన చక్రంలోనే ఉందనిపించింది. అదే ఇక్కడ చెప్తున్నాను.

ఎట్టోరె 1881 సెప్టెంబర్ 15న ఇటలీలోని మిలాన్‌లో పుట్టారు. ఇంట్లో అందరూ కళాకారులే. తండ్రి కార్లో బుగాట్టి ఫర్నిచర్ డిజైనర్. ఆయన కుర్చీలు, బల్లలు యూరప్ ఎగ్జిబిషన్లలో బహుమతులు తెచ్చుకున్నాయి. మేనత్త జీవిత సహచరుడు జొవాన్ని సెగాంతీని ఆ రోజుల్లో పేరున్న చిత్రకారుడు. తమ్ముడి పేరే రెంబ్రాంట్ బుగాట్టి. అలా పేరు పెట్టాక ఆ పిల్లాడు కళలోకి వెళ్లకుండా ఎలా ఉంటాడు? జంతువుల కంచు బొమ్మలు చేయడంలో రెంబ్రాంట్ గొప్పవాడయ్యాడు. ఎట్టోరె కూడా కొన్నాళ్లు మిలాన్‌లోని బ్రెరా కళాశాలలో శిల్పం నేర్చుకున్నారు. కానీ ఇంట్లో తమ్ముడిని మించిన శిల్పి కాలేనని ఆయనకి అర్థమైనట్టుంది. సైకిళ్లు, మోటారు ట్రైసైకిళ్లు చేసే ప్రినెట్టి అండ్ స్టూకీ అనే కంపెనీలో అప్రెంటిస్‌గా చేరిపోయారు.

ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. మనలాగా నాలుగేళ్లు కూర్చుని ఏ థియరీ చదవలేదు. చేతికి గ్రీజు అంటించుకుని, మెషీన్ ఎదురుగా నిలబడి నేర్చుకున్నారు. 1901లో మిలాన్ ఎగ్జిబిషన్‌లో తను డిజైన్ చేసిన కారు పెట్టి బహుమతి కొట్టారు. అది చూసి అల్సాస్ ప్రాంతంలోని డి డీట్రిష్ కంపెనీ 1902లో ఆయన్ని డిజైనర్‌గా పిలిచింది. ఇక్కడొక సరదా సంగతి ఉంది. అప్పటికి ఎట్టోరెకి 21 ఏళ్లు నిండలేదు. చట్టప్రకారం మైనర్. కాంట్రాక్ట్ మీద తండ్రి సంతకం పెట్టాల్సి వచ్చింది. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ ఆఫర్ లెటర్ మీద నాన్న సంతకం పెట్టినట్టు ఊహించుకోండి.

అల్సాస్ అప్పుడు జర్మనీలో ఉంది. 1871 యుద్ధం తర్వాత ఫ్రాన్స్ దగ్గర్నుంచి జర్మనీ తీసుకున్న ప్రాంతం అది. అంటే ఒక ఇటలీ కుర్రాడు, జర్మనీ పాలనలో ఉన్న ఫ్రెంచి మనసు నేల మీద పనికి చేరాడు. ఈ సరిహద్దు గొడవ ఆయన్ని చివరిదాకా వదల్లేదు. డి డీట్రిష్ తర్వాత స్ట్రాస్‌బర్గ్‌లో ఎమీల్ మాథిస్‌తో పనిచేశారు, 1907లో కొలోన్ నగరంలోని డాయిట్జ్ ఇంజన్ల కంపెనీకి వెళ్లారు. పగలు కంపెనీ కోసం పెద్ద బరువైన కార్లు గీసేవారు. ఖాళీ దొరికినప్పుడు ఇంటి సెల్లార్‌లో తన సొంత కారు కట్టుకున్నారు, చిన్నది, తేలికైనది. దానికి ఫ్రెంచిలో ప్యూర్ సాంగ్ అనే పేరు వచ్చింది, అంటే మేలు జాతి గుర్రం. ఆయనకి గుర్రాలంటే ప్రాణం. తర్వాత ఆయన కార్ల రేడియేటర్ గుర్రపు నాడా ఆకారంలో ఉండేది.

1909 చివర్లో ఉద్యోగం వదిలేసి మోల్సైమ్ దగ్గర మూతపడిన ఒక అద్దకం ఫ్యాక్టరీని అద్దెకి తీసుకున్నారు. అదే ఏడాది పెద్ద కొడుకు పుట్టాడు, ఇంట్లో జాన్నీ, తర్వాత లోకానికి ఝాన్ బుగాట్టి. అంటే కంపెనీ, కొడుకు ఒకే ఏడాది పిల్లలు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

చిన్న ఫ్యాక్టరీకి డబ్బులు ఎక్కడివి? కొంత సొంత కార్ల అమ్మకం, కొంత డిజైన్ల అమ్మకం. పూజో కంపెనీ బేబే అనే బుల్లి కారు ఎట్టోరె గీసిందే. ఆ డిజైన్‌తో పూజో 3,000 పైగా కార్లు చేసింది. 1911లో ఆయన టైప్ 13 అనే చిన్న కారు ల మాన్‌లో జరిగిన రేసులో తనకంటే ఎన్నో రెట్లు పెద్ద ఇంజన్ల మధ్య రెండో స్థానంలో వచ్చింది. పెద్ద ఇంజన్ పెట్టడం కాదు, బరువు తగ్గించడం అనేది ఆయన లెక్క.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం. ఇటలీ పౌరుడు, ఫ్యాక్టరీ జర్మనీ నేల మీద, మనసు ఫ్రాన్స్ వైపు. కొన్ని రేసు కార్ల భాగాల్ని మోల్సైమ్‌లోనే భూమిలో పాతిపెట్టి, కుటుంబంతో మిలాన్ వెళ్లి, అక్కణ్ణుంచి పారిస్ చేరారు. ఫ్రాన్స్ కోసం విమాన ఇంజన్లు డిజైన్ చేశారు. యుద్ధం మధ్యలో, 1916 జనవరిలో, తమ్ముడు రెంబ్రాంట్ పారిస్‌లో తన ప్రాణం తనే తీసుకున్నాడు. వయసు 31. ఎట్టోరె ఆ బొమ్మల్ని దాచుకున్నారు. తర్వాత తన అతి పెద్ద కారుకి రేడియేటర్ మూత మీద రెంబ్రాంట్ చేసిన ఏనుగు బొమ్మని పెట్టారు, తొండం పైకెత్తి రెండు కాళ్ల మీద నిలబడ్డ ఏనుగు. ఆ కారు బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే ముందు ఆ మూత చూడండి. అది అలంకారం కోసం పెట్టింది కాదు, అన్న దాచుకున్న జ్ఞాపకం.

యుద్ధం అయిపోయింది, అల్సాస్ ఫ్రాన్స్‌కి తిరిగొచ్చింది, బుగాట్టి కంపెనీ కదలకుండానే దేశం మారిపోయింది. పాతిపెట్టిన భాగాలు తవ్వితీశారు. 1921లో ఇటలీలోని బ్రెషా రేసులో చిన్న కార్ల విభాగంలో మొదటి నాలుగు స్థానాలూ బుగాట్టివే. అప్పట్నుంచి ఆ మోడల్‌కి బ్రెషా అనే పేరే నిలిచిపోయింది.

ఇప్పుడు చక్రం దగ్గరికి వద్దాం.

1920ల రేసు కార్లకి ఎక్కువగా ఉన్నవి తీగ చక్రాలు. సైకిల్ చక్రం లాంటివే, కాకపోతే ఉక్కు తీగలు లావు, ఎక్కువ. తేలికే, కానీ మలుపుల్లో తీగలు సాగుతాయి, వదులవుతాయి, రేసు రేసుకీ బిగించాలి. చక్రం లోపల బ్రేక్ డ్రమ్ విడిగా ఉంటుంది, వేగంగా వస్తూ బ్రేక్ వేస్తే ఆ డ్రమ్ కాలిపోతుంది. ఇంకో సమస్య బరువు. కారులో స్ప్రింగుల పైన ఉన్న బరువు వేరు, స్ప్రింగుల కింద ఉన్న బరువు వేరు. చక్రం, బ్రేకు, ఇరుసు కింద ఉంటాయి. అవి బరువైతే గుంత తగిలినప్పుడు చక్రం ఎగిరి రోడ్డుని వదిలేస్తుంది. రోడ్డుని వదిలిన చక్రానికి ఎంత ఇంజన్ ఉన్నా దండగే.

ఎట్టోరె ఆలోచన ఇది. ఉక్కు సాంద్రత 7.8, అల్యూమినియంది 2.7. కరిగించిన అల్యూమినియంని అచ్చులో పోసి ఒకే ముక్కగా చక్రం చేద్దాం. ఎనిమిది వెడల్పాటి చదును ఆకులు. బ్రేక్ డ్రమ్‌ని విడిగా పెట్టకుండా చక్రంతోనే కలిపి పోతపోద్దాం, రాపిడి తగిలే లోపలి వైపు మాత్రం గట్టి లోహపు పట్టీ పెడదాం. వేడి డ్రమ్ దగ్గరే ఆగకుండా అల్యూమినియం గుండా ఆకుల్లోకి పాకుతుంది, ఆకుల మధ్య గాలి దాన్ని లాక్కుపోతుంది. టైర్ ఎక్కే రిమ్ మాత్రం విడిగా ఊడొచ్చేలా, చుట్టూ చిన్న బోల్టులతో. పిట్‌లో చక్రం తీస్తే డ్రమ్ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది, బ్రేక్ షూలు కళ్ల ముందు కనిపిస్తాయి. చూసి, అవసరమైతే మార్చి, మళ్లీ చక్రం ఎక్కించడమే.

మధ్యలో సెంటర్ క్యాప్ ఉండదు. ఈ రోజు మన కార్లలో క్యాప్ చేసేది రెండు పనులు: హబ్ కన్నంలోకి నీళ్లు, దుమ్ము పోకుండా ఆపడం, కంపెనీ పేరు చూపించడం. అది ఊడిపోయినా కారు నడుస్తుంది. బుగాట్టి చక్రం మధ్యలో కనిపించేది పెద్ద నట్టు. చక్రాన్ని ఇరుసుకి పట్టుకునేది అదే. అది ఊడితే చక్రం ఊడినట్టే.

అలాంటి ఆలోచన ప్రపంచంలో ఇంకెవరికీ రాలేదని కాదు. అమెరికాలో హ్యారీ మిల్లర్ పోత చక్రానికి పేటెంట్ కూడా తీసుకున్నాడు. కానీ చేసి, రేసులో తిప్పి, షోరూమ్‌లో అమ్మి చూపించింది ఎట్టోరె. కారు పేరు టైప్ 35. 1,991 సీసీ, వరసగా ఎనిమిది సిలిండర్లు, బాల్, రోలర్ బేరింగుల మీద తిరిగే క్రాంక్‌షాఫ్ట్, లోపల బోలుగా ఉన్న ముందు ఇరుసు. చూడ్డానికి శిల్పం. కార్లో బుగాట్టి కొడుకు కదా.

1924 ఆగస్ట్ 3, లియోన్‌లో ఫ్రెంచ్ గ్రాండ్ ప్రి. మొదటిసారి అయిదు టైప్ 35 కార్లు బరిలోకి దిగాయి. మెకానిక్‌లతో, గుడారాలతో, పెళ్లివారిలా పెద్ద పటాలంతో వచ్చారు ఎట్టోరె. జనం ఆ చక్రాల చుట్టూ మూగారు. రేసు మొదలైంది. కొన్ని ల్యాప్‌లకే టైర్ల పై పొర ఊడి ఎగిరిపోవడం మొదలైంది. ఈ కార్ల కోసం ప్రత్యేకంగా చేయించిన టైర్లలో రబ్బరు సరిగా ఉడకలేదు. చివరికి అయిదింటిలో ముందుగా వచ్చింది ఏడో స్థానం, దాని వెనక ఎనిమిది. గెలిచింది ఆల్ఫా రోమియో.

చూసినవాళ్లకి ఏమనిపిస్తుంది? కొత్త చక్రం, మొదటి రేసు, టైర్లు పేలాయి. తప్పు చక్రానిదే అనుకుంటారు. ప్రాజెక్ట్ డెమో రోజు ఎక్స్‌టర్నల్ ముందు వైఫై పోతే మన కోడ్‌నే అనుమానించినట్టు. ఎట్టోరె తన కొనుగోలుదార్లకి ఉత్తరం రాసి, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో వివరించారు. చక్రాన్ని మాత్రం మార్చలేదు. టైర్లు మార్చారు. సెప్టెంబర్‌లో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో మెయో కొస్తాంతీని అదే కారులో రెండో స్థానంలో వచ్చాడు. ఈ సంఘటన నాకు బాగా నచ్చింది. ఏది పాడైందో అది మాత్రమే మార్చాలి, పక్కన కనిపించింది కాదు. డీబగ్గింగ్‌లో మనం నేర్చుకునే మొదటి పాఠం అదే.

ఆ తర్వాత జరిగింది చరిత్ర. సిసిలీ కొండల్లో జరిగే టార్గా ఫ్లోరియో రేసుని 1925 నుంచి 1929 దాకా వరసగా అయిదేళ్లు బుగాట్టి గెలిచింది. 1929లో మొట్టమొదటి మొనాకో గ్రాండ్ ప్రి గెలిచింది కూడా టైప్ 35బి. అన్నిటికంటే ముఖ్యం, ఇది ఫ్యాక్టరీ జట్టుకి మాత్రమే పరిమితం కాదు. డబ్బున్న ఎవరైనా కొనుక్కుని ఆదివారం రేసుకి వెళ్లొచ్చు. చెక్ దేశపు ఎలిష్కా యుంకోవా అలాగే సొంత బుగాట్టిలో 1928 టార్గా ఫ్లోరియోకి వెళ్లి, మగవాళ్లలో ఎంతోమందిని వెనక్కి నెట్టి అయిదో స్థానంలో వచ్చింది. టైప్ 35 రకాలన్నీ కలిపి సుమారు 340 తయారయ్యాయి. చిన్న చిన్న స్థానిక రేసులతో కలిపి ఆ కార్ల గెలుపులు వెయ్యి దాటాయి.

ఇక్కడే గుర్తుపట్టే విద్య మళ్లీ అవసరం పడుతుంది. 1925లో ఎట్టోరె చవక రకం ఒకటి తెచ్చారు, టైప్ 35ఎ. బాడీ అదే, ఇంజన్ సాదాది, అల్యూమినియం బదులు తీగ చక్రాలు. జనం దానికి టెక్లా అని పేరు పెట్టారు. టెక్లా అంటే ఆ రోజుల్లో నకిలీ ముత్యాలు అమ్మే ప్రసిద్ధ నగల దుకాణం. ఎంత ఎత్తిపొడుపో చూడండి. నాలుగు సిలిండర్ల టైప్ 37 కూడా తీగ చక్రాలతోనే వచ్చింది. తర్వాతి యజమానులు చాలామంది ఈ కార్లకి ఎనిమిది ఆకుల అల్యూమినియం చక్రాలు ఎక్కించేశారు. కాబట్టి చక్రం చూసి కారు అదే అనుకోకూడదు. ఇంకో గుర్తు రిమ్. టైప్ 35 చక్రానికి రిమ్ విడిగా ఊడుతుంది, చుట్టూ బోల్టుల వరస కనిపిస్తుంది. 1931లో వచ్చిన టైప్ 51కి రిమ్ చక్రంలో భాగమే, ఆ బోల్టుల వరస ఉండదు. రెండు కార్లూ దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా చెప్పేది చక్రం అంచు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ క్లాసులో కప్లింగ్ అని చెప్తారు. రెండు మాడ్యూళ్లు ఒకదాని మీద ఒకటి ఎంత ఆధారపడ్డాయి అనేది కప్లింగ్. ఎంత తక్కువైతే అంత మంచిదని పరీక్షలో రాస్తాం. ఎట్టోరె దానికి పూర్తిగా వ్యతిరేకి. చక్రం, డ్రమ్ ఒకటే చేసేశారు. ఫలితం అద్భుతం: తేలిక, చల్లదనం, అందం. ఖరీదు కూడా ఉంది. డ్రమ్‌కి ఏదైనా అయితే చక్రం మొత్తం పోయినట్టే. మామూలు చక్రానికి అయ్యే డబ్బుకి ఇది రాదు. కలిపితే బలం, కలిపితే ప్రమాదం, రెండూ ఒకే పోతలో వస్తాయి.

ఆయన జీవితం కూడా అలాగే పోతపోసుకున్నారు. మోల్సైమ్‌లో ఇల్లు, ఫ్యాక్టరీ, గుర్రపుశాల, కొనుగోలుదార్లు దిగడానికి సత్రం, అన్నీ ఒకే ఆవరణలో. పనివాళ్లకి ఆయన యజమాని, ఊరికి పెద్ద. ఫ్యాక్టరీ ఆయన కుటుంబం, కుటుంబం ఆయన ఫ్యాక్టరీ. కొడుకు ఝాన్ చదువు అంటూ బయటికి వెళ్లకుండా అక్కడే కార్ల మధ్య పెరిగి, ఇరవై ఏళ్లు దాటీదాటకుండానే గొప్ప డిజైనర్ అయ్యాడు. టైప్ 51కి రెండు క్యామ్‌షాఫ్టుల ఇంజన్ రావడంలో అతని పాత్ర పెద్దది. టైప్ 57 అతని కారు.

తండ్రి మాత్రం పెద్ద కలల్లోకి వెళ్లారు. రాజుల కోసం రాయల్ అనే కారు చేశారు, 12.7 లీటర్ల ఇంజన్. చక్రాలు దానికీ పోత అల్యూమినియమే. మొత్తం ఆరు చేశారు, బయటివాళ్లకి అమ్ముడుపోయినవి మూడే. అంతలో 1929 ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. మిగిలిపోయిన ఇంజన్లతో ఏం చేయాలి? రైలు పెట్టెలకి పెట్టారు. 1933 నుంచి ఫ్రాన్స్ పట్టాల మీద బుగాట్టి రైలు బళ్లు పరిగెత్తాయి. రాజుల కోసం చేసిన ఇంజన్లు జనాన్ని మోశాయి. కంపెనీ నిలబడింది కూడా వాటి వల్లే.

మొండితనమూ తక్కువేం కాదు. పోటీదార్లందరూ హైడ్రాలిక్ బ్రేకులకి వెళ్లిపోయినా బుగాట్టి కార్లకి తీగతో లాగే బ్రేకులే ఉండేవి. టైప్ 57కి హైడ్రాలిక్ బ్రేకులు వచ్చింది 1938లో. అయితే చక్రం విషయంలో ఒకసారి తన సిద్ధాంతాన్ని తనే విడగొట్టారు. 1933లో వచ్చిన టైప్ 59 రేసు కారుకి సన్నని తీగలున్న చక్రాలు పెట్టారు. తీగల పని బరువు మోయడం మాత్రమే. ఇంజన్ లాగుడు, బ్రేక్ పట్టు వెనకున్న పళ్ల పలక ద్వారా రిమ్‌కి చేరతాయి. ఒక్కొక్కరికి ఒక్కో పని. పాత చక్రాలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

1936లో ఫ్రాన్స్ అంతా సమ్మెలు. మోల్సైమ్ పనివాళ్లు కూడా పని ఆపేశారు. వాళ్ల వైపు న్యాయం వాళ్లకుంది, జీతాలు, సెలవులు, పనిగంటలు దేశమంతా అడుగుతున్నవే. కానీ వాళ్లని తన ఇంటివాళ్లనుకున్న ఎట్టోరెకి అది ద్రోహంలా తోచింది. యజమాని ప్రేమ వేరు, పనివాడి హక్కు వేరు అనే సంగతి ఆయనకి ఎక్కలేదు. మోల్సైమ్ వదిలి పారిస్‌లో ఉండిపోయారు. ఫ్యాక్టరీ 27 ఏళ్ల ఝాన్ చేతుల్లోకి వచ్చింది.

ఝాన్ బాగా నడిపించాడు. 1937లో ల మాన్ 24 గంటల రేసు గెలిచారు. 1939 జూన్‌లో మళ్లీ గెలిచారు. ఆగస్ట్ 11 రాత్రి, అదే గెలిచిన కారుని మోల్సైమ్ దగ్గర రోడ్డు మీద పరీక్షిస్తున్నాడు ఝాన్. దారి మూసి ఉంచినా ఒక సైకిల్ మనిషి ఎలాగో రోడ్డు మీదకొచ్చాడు. అతన్ని తప్పించబోయి కారు చెట్లని గుద్దుకుంది. ఝాన్ అక్కడే పోయాడు. వయసు 30. మూడు వారాల్లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

తర్వాత అన్నీ ఒకదాని వెనక ఒకటి. జర్మనీ అల్సాస్‌ని మళ్లీ తీసుకుంది. మోల్సైమ్ ఫ్యాక్టరీని బలవంతంగా అమ్మించుకుంది. అక్కడ ట్రిపెల్ అనే జర్మన్ నీళ్ల మీద కూడా నడిచే బళ్లు చేయించాడు. 1944లో భార్య బార్బరా పోయారు. యుద్ధం ముగిశాక తన ఫ్యాక్టరీ తనకి వస్తుందనుకున్నారు ఎట్టోరె. జర్మన్లకి అమ్మిన ఆస్తి కాబట్టి అది మాది అంది ఫ్రాన్స్ ప్రభుత్వం. అమ్మింది ఇష్టంతో కాదని నిరూపించుకోవడానికి కోర్టుకి వెళ్లాల్సొచ్చింది. 1947లో తీర్పు ఆయనకి అనుకూలంగా వచ్చేసరికి ఆయన లేవలేని స్థితిలో ఉన్నారు. ఆగస్ట్ 21న పారిస్‌లో కన్నుమూశారు. నాలుగు వారాల్లోపే 66 నిండేవి.

చిన్న కొడుకు రోలాండ్, పాత సహచరుడు పియర్ మార్కో కొన్నేళ్లు ప్రయత్నించారు. 1956లో కొత్త గ్రాండ్ ప్రి కారు ఒకే ఒక్క రేసుకి వెళ్లి మధ్యలో ఆగిపోయింది. 1963లో కంపెనీ హిస్పానో సూయిజా చేతికి వెళ్లింది. డ్రమ్ పగిలితే చక్రం పోయినట్టు, ఝాన్‌తో పాటే బుగాట్టి పోయింది. మిగతావన్నీ ఆలస్యంగా వచ్చిన వార్తలు.

పేరు మాత్రం బతికింది. 1998లో ఫోక్స్‌వ్యాగన్ కొనుక్కుంది, 2005 నుంచి మోల్సైమ్‌లోనే వేరాన్ లాంటి కార్లు కట్టించింది. వాటి చక్రాల మధ్యలో ఈబీ అనే అక్షరాలున్న సెంటర్ క్యాప్ ఉంటుంది. మంచి కార్లే, నేనేం తక్కువ చేయట్లేదు. కానీ తేడా చూడండి. ఇప్పుడు ఆ పేరు క్యాప్ మీద ఉంది, ఎవరు కొంటే వాళ్ల చక్రానికి నొక్కుకోవచ్చు. ఎట్టోరె కాలంలో మధ్యలో ఉన్నది నట్టు.

పాత టైప్ 35లు ఇంకా రేసులకి వెళ్తున్నాయి. వందేళ్ల పోత అల్యూమినియంలో కంటికి కనపడని పగుళ్లు వస్తాయి కాబట్టి చాలామంది అసలు చక్రాలు తీసి దాచి, అదే డిజైన్‌తో కొత్తగా పోసినవి వేసుకుంటారు. అర్జెంటీనాలో ప్యూర్ సాంగ్ అనే సంస్థ మొత్తం కార్లనే పాత పద్ధతిలో మళ్లీ కడుతోంది. ఇవి నకిలీలా? నా లెక్క ఇది. కొత్తగా పోసినదాని వెనక కొత్త తేదీ, పోసినవాడి గుర్తు ఉంటే అది నకిలీ కాదు, కొనసాగింపు. ఆ గుర్తు అరగదీసి పాతది అని అమ్మితేనే టెక్లా ముత్యం. ప్రాణం దాని మీద ఉంది మరి. పగులున్న పాత చక్రాన్ని కొత్తదని నమ్మినా, కొత్తదాన్ని పాతదని నమ్మినా, గంటకి 150 కిలోమీటర్ల దగ్గర ఆ అబద్ధానికి సమాధానం చెప్పేది డ్రైవరే.

ఎట్టోరె, ఝాన్ ఇద్దరి సమాధులూ ఫ్యాక్టరీ పక్క ఊరు డోర్లిషైమ్‌లో ఉన్నాయి. అక్కడికి దగ్గర్లోని మ్యూలూజ్ మ్యూజియంలో బుగాట్టిలు వరసలు కట్టి ఉన్నాయి, రాయల్ కూడా. ఎప్పుడైనా ఎమ్మెస్‌కో, ఉద్యోగానికో ఆ వైపు వెళ్లినవాళ్లు ఓసారి చూసి రండి. ముందు వైపు మెరుపు అందరూ ఫొటో తీస్తారు. మీరు కాస్త వంగి చక్రం అంచున బోల్టుల వరస ఉందో లేదో చూసి నాకు చెప్పండి.